అరిగిన వేళ్ళు

"ఆ లిస్టు రాసిచ్చింది నువ్వా, కాదా? ముందు అది చెప్పు. మిగతా కబుర్లు తరవాత."

మామయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి అడుగుతున్నాడు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇది నాలుగోసారి. అడిగినప్పుడల్లా గొంతు ఒక మెట్టు పైకెక్కుతోంది. పక్క గదిలోవాళ్ళు రేడియో కట్టేసి మరీ వింటున్నారు. ఆ ఇళ్ళ మధ్య గోడలు పేరుకే గోడలు.

"నేనే రాసిచ్చాను," అంది కెప్టెన్. "నాలుగుసార్లూ అదే చెప్పాను. ఐదోసారి అడిగినా అదే చెప్తాను. నీకు వినపడకపోతే నా తప్పు కాదు."

ఇరవై ఏళ్ళ పిల్ల. లాండ్రీలో రోజుకి నాలుగు వందల దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆదివారాలు ఆ వీధి వాలీబాల్ జట్టుకి నాయకత్వం చేస్తుంది కాబట్టి అసలు పేరు పోయి కెప్టెన్ అయింది. కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది. వేడి ఇస్త్రీ దగ్గర నిలబడి నిలబడి వచ్చిందో, పుట్టుకతోనే వచ్చిందో గానీ, మాట మాత్రం చురుక్కుమంటుంది.

"విన్నావా అక్కా?" మామయ్య అమ్మ వైపు తిరిగాడు. "పద్నాలుగు పేర్లు, ఏ గదిలో ఎవరుంటారో నంబర్లతో సహా, స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ రాసిచ్చింది నీ కూతురు. పోలీసులకి వెతుక్కునే శ్రమ కూడా లేకుండా చేసింది. వాళ్ళు దీనికి జీతం ఇవ్వాలి!"

అమ్మ ముందున్న పొయ్యి మీద నీళ్ళు మరిగి సగం అయ్యాయి. అందులో ఏం వెయ్యాలని పెట్టిందో ఆవిడకే గుర్తున్నట్టు లేదు.

కెప్టెన్ రాసిచ్చిన మాట నిజం. ఎందుకిచ్చిందన్నదీ అంతే నిజం. ఎనిమిది నెలల కిందట స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ అక్క బంతి చంకలో పెట్టుకుని ఈ వీధిలోకి వచ్చింది. వేరే దేశాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన వాళ్ళుండే వీధి ఇది. యూనిఫాం కనిపిస్తే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. అలాంటి చోట పోలీసులు ఒక జట్టు, వీధి కుర్రాళ్ళు ఒక జట్టు అని ఆట మొదలుపెట్టింది. తను సర్వీసు కొడితే బంతి నెట్ దాటేది కాదు, అయినా ప్రతి ఆదివారం వచ్చేది. గ్రౌండులోకి వెళ్ళడానికి కార్డులు ఇప్పిస్తాను, పేర్లు రాసివ్వమంది. కెప్టెన్ రాసిచ్చింది.

మొన్న పెద్ద రోడ్డు మీద ఫోన్ల దుకాణం షట్టరు ఎవరో విరగ్గొట్టారు. నిన్న పొద్దున్నే జీపు వచ్చింది. దిగిన పోలీసు చేతిలో జిరాక్స్ కాగితం. ఆ చేతిరాత ఎవరిదో వీధి మొత్తం చూసింది.

పద్నాలుగు మందినీ తీసుకెళ్ళి వేలిముద్రలు తీసుకున్నారు. సాయంత్రానికి పదమూడు మంది ఇళ్ళకి వచ్చారు. రాని ఒక్కడూ కెప్టెన్ సొంత అన్న.

"వాణ్ణి ఎందుకు వదల్లేదో అదన్నా తెలిసిందా?" అన్నాడు మామయ్య.

"అదే చెప్పడానికి వచ్చాను," అన్నాడు గుమ్మం బయట నిలబడ్డ పొడుగోడు. అన్నతో పాటు నిన్న స్టేషన్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళలో వాడొకడు. కెప్టెన్ మొహం చూడకుండా మామయ్యతోనే మాట్లాడాడు. "మిషన్ మీద మేం వేలు పెడితే ఆకుపచ్చ లైటు వచ్చింది. అన్నకి మాత్రం ఎర్ర లైటు. వేలు తలకి రుద్దుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపే. అలా నాలుగుసార్లు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టేసుకున్నాడు. ముద్ర పడకుండా ఏం పూశావురా, ఎందుకురా వేళ్ళు అరగదీసుకున్నావ్ అని. అన్న ఒక్క మాట మాట్లాడలేదు."

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూచున్న నాన్న తలెత్తాడు.

"సైటు గేటు దగ్గరా అంతే కదా," అన్నాడు.

"ఏంటి నాన్నా అంతే?"

"హాజరు మిషన్. మా వేళ్ళు తీసుకోదు. పాలిష్ పనోళ్ళవి ఎవరివీ తీసుకోదు. తలకి రుద్దితే కాస్త నూనె అంటుకుని ఒక్కోసారి తీసుకుంటుంది. లేకపోతే మేస్త్రి చేత్తో రాసుకుంటాడు."

ఆయన ఇరవై ఏళ్ళుగా బండల నేలలకి పాలిష్ పెడుతున్నాడు. పెద్ద మిషన్ నేల మధ్యలోనే తిరుగుతుంది. మూలలకీ మెట్ల అంచులకీ చేత్తో రాయి పట్టుకుని, నీళ్ళు పోస్తూ రుద్దాల్సిందే. రాయి నున్నబడే లోపల చర్మం నున్నబడుతుంది. అన్న పదహారో ఏట ఆయన వెంట వెళ్ళాడు. మామయ్యదీ అదే పని, కాకపోతే వేరే మేస్త్రి దగ్గర.

కెప్టెన్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఈ సంగతి నిన్నే ఎందుకు చెప్పలేదు? రాత్రంతా వాడక్కడ బెంచీ మీద కూచున్నాడు నాన్నా!"

"ఎవరడిగారు?" అన్నాడు నాన్న.

"నేను అడుగుతూనే ఉన్నాను! వాణ్ణి ఎందుకు ఉంచారు, ఎందుకు ఉంచారు అని!"

"పోలీసులతో మాట పెంచుకోకూడదని..."

"అదే నేర్పావు వాడికి కూడా. పేరు చెప్పు, తల దించుకో, నోరెత్తకు. వాడు ఎత్తలేదు. చూశావుగా ఏమైందో!"

నాన్న మళ్ళీ తల దించేశాడు. పాపం అనిపించింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆమెకి అనిపించలేదు.

అప్పుడే వీధి చివర సందడి సద్దుమణిగింది. పంపు దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం అర్థం ఆ వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

కానిస్టేబుల్ అక్క మామూలు బట్టల్లో వచ్చింది. ఎవరూ పలకరించలేదు. మామయ్య లోపలికి తప్పుకున్నాడు. కెప్టెన్ మాత్రం చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, ఆవిడకి ఎదురుగా నిలబడింది.

"నా మీద కోపంగా ఉందా?" అంది అక్క.

"కోపమని తేలిగ్గా తేల్చేస్తున్నారేంటక్కా? కోపమైతే పోతుంది."

"ఆ కాగితం నేను ఎవరికీ ఇవ్వలేదు. నా సొరుగులో ఉంది. సారు సొరుగు తాళం అడిగారు. ఇచ్చాను."

"తాళం ఇవ్వడం వేరు, కాగితం ఇవ్వడం వేరా?"

"వేరు కాదు," అంది అక్క.

ఆ ఒక్క మాట అనకపోతే కెప్టెన్ అక్కడితో తలుపు వేసేసేది. తప్పు ఒప్పుకున్న పోలీసుని ఆమె అంతకుముందు చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక ఇంకా కోపం తెచ్చుకుంది.

"మీరొచ్చి బంతి విసిరితే మేం పట్టుకున్నాం. ఇప్పుడు ఈ వీధిలో నా మొహం ఎవరూ చూడట్లేదు. మీకేం, పై వారం ఇంకో వీధికి వెళ్తారు."

"వెళ్ళను," అంది అక్క. "నిన్నంతా లోపల మాట్లాడాను. నా మాట నెగ్గలేదు. నేను చెయ్యగలిగింది ఒక్కటే. నువ్వు వచ్చి ఏం చెప్పినా అక్షరం మార్చకుండా రిజిస్టర్‌లో రాస్తాను. అందులో రాసింది ఎవరూ చించలేరు, సారు కూడా."

"రాసిచ్చినందుకే కదా ఇంతా! మళ్ళీ రాతేనా?"

"ఈసారి నువ్వు రాసింది నా దగ్గర ఉండటం కాదు. నేను రాసింది నీకు చదివి వినిపిస్తాను. నచ్చితేనే సంతకం పెట్టు."

అని ఇంకేం బతిమాలకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

కెప్టెన్ లోపలికి వచ్చి, "నాన్నా, లే. చొక్కా వేసుకో. ఈ వీధిలో పాలిష్ పనికి వెళ్ళేవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు?" అంది.

"నలుగురు. ఎందుకు?"

"అందరం స్టేషన్‌కి వెళ్తున్నాం."

మామయ్య ఎగిరి పడ్డాడు. "మతి ఉందా? వాళ్ళు జీపు వేసుకుని రావడం చాలక మనమే నడిచి వెళ్ళి చేతులు చాపాలా? బావా, నువ్వన్నా చెప్పు!"

"నువ్వూ రావాలి మామయ్యా. వచ్చే మగాళ్ళలో తడబడకుండా ఇక్కడి భాష మాట్లాడేది నువ్వొక్కడివే."

"వాడెందుకే?" అంది అమ్మ. పొద్దుటి నుంచి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదే. "వాణ్ణి పనికి పోనీ. ఒక్కరోజు మానితే మేస్త్రి ఊరుకోడు."

"లిస్టు రాసిన దాన్ని నేను వెళ్తున్నాను," అంది కెప్టెన్ మామయ్య కళ్ళలోకి చూస్తూ. "తెల్లారగట్ట నుంచి తిట్టినవాడివి నువ్వు రావా? నీ పౌరుషమంతా ఈ గుమ్మం వరకేనా?"

పక్క గదిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చాలు. మామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచాడు. అమ్మ పొయ్యి ఆర్పి, తలుపు తాళం పెట్టి, తనూ వెనకే బయల్దేరింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ టీ తాగుతున్నాడు. మగాళ్ళూ ఆడాళ్ళూ కలిసి ఎనిమిది మంది ఒక్కసారే లోపలికి వచ్చేసరికి గ్లాసు దించాడు.

"ఏంటిది, ఊరేగింపా?"

"మా అన్న వేలు మీ మిషన్ తీసుకోలేదని లోపల ఉంచారు కదా సార్," అంది కెప్టెన్. "వీళ్ళందరి వేళ్ళూ పెట్టించి చూడండి. తీసుకోకపోతే వీళ్ళనీ లోపల పెట్టండి. ఇంతమందికి సరిపోయే గది ఉందా మీకు?"

"బెదిరిస్తున్నావా?"

"చూపిస్తున్నాను."

కానిస్టేబుల్ అక్క అప్పటికే యూనిఫాంలో ఉంది. ఎవరూ చెప్పకుండానే రిజిస్టర్ తెచ్చి బల్ల మీద తెరిచింది. ఇన్‌స్పెక్టర్ ఆవిడ వైపు ఒక చూపు చూశాడు. ఆవిడ పెన్ను మూత తీసింది.

సబ్బుపెట్టె అంత మిషన్. నాన్న దాని ముందు నిలబడ్డాడు. వేలు పెట్టాడు. ఎర్ర లైటు. చెప్పకుండానే ఆ వేలు తల మీదికి వెళ్ళింది. జుట్టుకి రెండుసార్లు రుద్దుకుని మళ్ళీ పెట్టాడు. ఎరుపే.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ముందుకి వంగాడు. "ఆగు. ఆ తలకి రుద్దుకోవడం ఎవరు నేర్పారు నీకు?"

నాన్న ఆయన మొహంలోకి చూశాడు. తన జన్మలో ఒక పోలీసు మొహంలోకి సూటిగా చూడటం అదే మొదలు. "సైటు గేటు దగ్గర మిషన్ నేర్పింది సార్. నేను మా పెద్దోడికి నేర్పాను. వాడు చేసింది తప్పయితే, అది నా తప్పు."

కెప్టెన్‌కి పొద్దున ఆయన్ని అన్న మాటలన్నీ అప్పుడు వెనక్కి తీసుకోవాలనిపించింది.

రెండోవాడు. ఎరుపు. మూడోవాడు. ఎరుపు. నాలుగోవాడు నలుగురిలోకీ పెద్ద. వేలు పెట్టే ముందే, "శ్రమ పడకండి సార్. నా ఫోనే నన్ను యజమానిగా ఒప్పుకోదు," అన్నాడు. మూల నిలబడ్డ పోలీసొకడు నవ్వి, ఇన్‌స్పెక్టర్‌ని చూసి ఆపుకున్నాడు. అయిదోవాడికీ ఎరుపే.

అక్క ప్రతిదీ రాసింది. రాసినదల్లా పైకి చదివింది. "పాలిష్ పని, ఇరవై ఏళ్ళు. ముద్ర పడలేదు. పాలిష్ పని, పదకొండేళ్ళు. ముద్ర పడలేదు." ఆ గొంతులో జాలి లేదు, గొప్పా లేదు. ఉన్నది ఉన్నట్టు చదువుతోంది. అలా చదవడం కెప్టెన్‌కి నచ్చింది.

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. పక్కనున్న పోలీసుతో, "ఆ కుర్రాడికి టీ ఇచ్చారా?" అని అడిగాడు. మెత్తబడుతున్నాడని అందరికీ అర్థమైంది.

అక్కడ ఆగితే సరిపోయేది. కానీ నెగ్గుతున్న మనిషికి ఆగడం ఎక్కడ తెలుస్తుంది? "ఇంకొకరు ఉన్నారు సార్," అంది కెప్టెన్. "మా మామయ్య. ఎనిమిదేళ్ళ నుంచి ఇదే పని. ఆయనదీ చూడండి."

"అయిదుగురు చాల్లేవే," అన్నాడు మామయ్య. "పొద్దున్నించి ఏం తినలేదు. కళ్ళు తిరుగుతున్నాయి. నేను బయట కూచుంటాను."

"వేలు పెట్టడానికి కళ్ళెందుకు?" అని కెప్టెన్ నవ్వుతూ ఆయన మణికట్టు పట్టుకుని లాగింది. ఆయన చెయ్యి బిగపట్టాడు. ఆ బిగువు ఏంటో ఆమెకి తెలియలేదు. మొండితనం అనుకుంది. వేలు పట్టుకుని తనే మిషన్ మీద ఆనించింది.

మిషన్ కుయ్యిమంది. ఆకుపచ్చ లైటు వెలిగింది.

కెప్టెన్ ఇంకా ఆ వేలు వదల్లేదు. అప్పుడు చూసింది దాన్ని. మెత్తగా ఉంది. గీతలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. నాన్న వేళ్ళకుండే తెల్లటి పగుళ్ళు ఒక్కటీ లేవు. రోజూ పక్కన కూచుని అన్నం తినే మనిషి చెయ్యి, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా చూడలేదు తను.

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా వెనక్కి వాలాడు.

"అదే రాయి, అవే నీళ్ళు. ఈయన ముద్ర మాత్రం అచ్చు గుద్దినట్టు పడింది. ఎలాగమ్మా కెప్టెన్? పాలిష్ పని చేస్తే వేళ్ళు అరుగుతాయన్న మాట అబద్ధమైతే, మీ అన్న ఇక్కడే ఉంటాడు. నిజమైతే, ఈయన పాలిష్ పని చెయ్యట్లేదు. రెండిట్లో ఏది రాయమంటావు?"

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటి భాషలో, పెదవులు కదలకుండా అన్నాడు. "చేస్తున్నాడనే చెప్పు. వేలికి తొడుగు వేసుకుంటాడని చెప్పు. మిగతాది ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఎక్కడికి వెళ్తున్నావు రోజూ?" అంది కెప్టెన్, అదే భాషలో.

"తరవాత చెప్తానన్నానా!"

అమ్మ వెనక నుంచి వచ్చి కూతురి మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. "మామయ్య చెప్పినట్టు చెప్పు. నీ అన్న ఇవాళ కాకపోతే రేపు వస్తాడు. వాడి మీద ఏముంది గనక? వీణ్ణి పట్టుకుంటే మళ్ళీ వదలరు."

కెప్టెన్ బిత్తరపోయింది. కొడుకుని లోపల పెట్టుకుని తల్లి అనాల్సిన మాటా ఇది?

ఈ ఊరికి వచ్చిన కొత్తలో భాష రాక బళ్ళో ఏడిస్తే, మామయ్యే వీధి వీధీ తిప్పి బోర్డులు చదివించాడు. భుజం మీద ఎక్కించుకుని తిప్పాడు. ఆ మనిషిని వీళ్ళ చేతికి అప్పగించడమా? అప్పగించకపోతే, నోరెత్తడం రాని అన్న ఇంకో రాత్రి ఆ బెంచీ మీద. ఎంత రాత్రయినా వాడు ఒక్క మాట మాట్లాడడు. వాడి తరఫున మాట్లాడే నోరు ఈ గదిలో ఒక్కటే ఉంది.

అక్క పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తోంది. ఇది రాయనా, అది రాయనా అని కళ్ళతో కూడా అడగలేదు. తల వంచుకునే ఉంది.

"రాయండక్కా," అంది కెప్టెన్ బల్ల ముందున్న కుర్చీలో కూచుని, అందరికీ అర్థమయ్యే భాషలో. "మా మామయ్య పాలిష్ పని చెయ్యట్లేదు. ఎప్పటి నుంచి మానేశాడో నాకు తెలియదు. ఏం చేస్తున్నాడో తెలియదు. వేళ్ళు మెత్తగా ఉండటం నేరం కాదు, అది కూడా రాయండి. ఆయన్ని ఏం అడగాలన్నా నా ఎదురుగా అడగాలి. నేను ఈ కుర్చీలోంచి లేవను. చెయ్యి చేసుకుంటే, ఎవరు చేసుకున్నారో పేరుతో సహా ఇందులోనే రాయాలి. మా అన్నని ఇప్పుడే బయటికి పంపాలి."

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. నాన్న వచ్చి కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు.

అక్క మొత్తం చదివి వినిపించింది. చెయ్యి చేసుకోవడం దగ్గర ఆగలేదు, గొంతు తగ్గించలేదు. ఒక్క అక్షరం మారలేదు. కెప్టెన్ సంతకం పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు ఆ పేజీ వంక చూశాడు. తరవాత లోపలికి కేకేశాడు. "ఆ కుర్రాణ్ణి పంపండి!"

అన్న వచ్చాడు. రాత్రి నిద్ర లేక కళ్ళు వాచిపోయాయి. చేతులు చొక్కా కింద దాచుకున్నాడు. గదిలో ఇంతమందిని చూసి బెదిరి, గబగబా అమ్మ వైపు రెండడుగులు వేశాడు.

అమ్మ వాడి వైపు చూడలేదు. కొడుకుని దాటుకుని వెళ్ళి, తమ్ముడి పక్కన నిలబడి, రిజిస్టర్ ముందు కూచున్న కానిస్టేబుల్‌తో అంది.

"ఆ పుస్తకం మూయకమ్మా. నా మాట కూడా రాసుకో. వాడు పని మానేసి వెళ్తున్న చోటికి వాణ్ణి పంపింది నేను."